మారుపేరు గుట్టు ఎవరి చేతుల్లో ఉంటుంది?

మారుపేరుతో రాసిన రచయిత అనగానే అందరూ ముందు అడిగేది అసలు పేరేమిటని. ఆ జవాబు తెలిసిపోయాక ఆ ప్రశ్నలో ఇక పస ఉండదు. ఎవరి కంట పడకూడదని పేరు మార్చుకున్నారు, ఆ గుట్టు ఎవరికి అప్పజెప్పారు అని అడిగి చూస్తే మాత్రం ఆ రచయిత కాలం, ఇల్లు, కొలువు, జేబు అన్నీ బయటికొస్తాయి. విమర్శకుల నుంచి దాక్కున్నవాళ్లున్నారు. సర్కారు నుంచి, అత్తింటి నుంచి దాక్కున్నవాళ్లున్నారు. చివరికి సొంత పేరుప్రతిష్ఠల నుంచి దాక్కున్నవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఒంటిచేత్తో ఆ పని చేసుకున్నవాళ్లు మాత్రం దాదాపు కనిపించరు.

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతపు మతాధికారి కూతుళ్లు ముగ్గురు, షార్లెట్, ఎమిలీ, ఆన్ బ్రాంటి. 1836 చివర్లో షార్లెట్ తన కవితల్ని అప్పటి ఆస్థానకవి రాబర్ట్ సదీకి పంపారు. సాహిత్యం ఆడదాని బతుకులో ముఖ్యమైన పని కాలేదు, కాకూడదు కూడా అని ఆయన జవాబు రాశాడు. అయినా 1846లో అక్కచెల్లెళ్లు సొంత డబ్బుతో కవితల పుస్తకం వేసుకున్నారు. కరర్ బెల్, ఎలిస్ బెల్, ఆక్టన్ బెల్ అని ఆడో మగో తేలని పేర్లు పెట్టుకున్నారు. మొదటి ఏడాదిలో అమ్ముడైనవి రెండే కాపీలు. ఆ మరుసటి ఏడే ‘జేన్ ఐర్’, ‘వదరింగ్ హైట్స్’ వచ్చాయి. బెల్ ఎవరన్నది లండన్ సాహిత్య లోకానికి పెద్ద పొడుపుకథ అయింది.

అసలు చిక్కు అక్కణ్నుంచే మొదలైంది. ఎమిలీ, ఆన్‌ల పుస్తకాలు వేసిన న్యూబీ అనే పబ్లిషర్, ‘జేన్ ఐర్’ గిరాకీ తన పుస్తకాలకూ తగులుతుందన్న ఆశతో, బెల్‌లు ముగ్గురూ నిజానికి ఒక్కరేనన్న అర్థం వచ్చేలా అమెరికా వాళ్లకి చెప్పుకున్నాడు. షార్లెట్ పబ్లిషర్ జార్జ్ స్మిత్‌కి అనుమానం వచ్చి, ఇదేం వ్యవహారమని అడిగాడు. 1848 జులైలో ఆ ఉత్తరం అందిన రోజునే షార్లెట్, ఆన్ వానలో తడుస్తూ స్టేషన్‌కి నడిచి వెళ్లి రాత్రి రైలెక్కారు. మర్నాడు స్మిత్ ఆఫీసులోకి పల్లెటూరి బట్టల్లో, పొట్టిగా ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకామె అతను కరర్ బెల్‌కి రాసిన ఉత్తరాన్నే అతని చేతిలో పెట్టింది. ఇది మీకెక్కడ దొరికిందని అడిగాడు స్మిత్. పోస్టులో వచ్చింది, నా పేరు మీదే వచ్చింది అన్నారు షార్లెట్.

స్మిత్ ముచ్చటపడ్డాడు గానీ ఇంటి దగ్గర ఎమిలీ మండిపడ్డారు. తాము ముగ్గురం అక్కచెల్లెళ్లమని షార్లెట్ మాటల్లో నోరు జారడంతో ఎమిలీ గుట్టు కూడా పోయింది. ఆ డిసెంబర్లోనే ఎమిలీ చనిపోయారు, మరుసటి మే నెలలో ఆన్ పోయారు. 1850లో షార్లెట్ చెల్లెళ్ల పుస్తకాలకు ముందుమాట రాస్తూ, ఎలిస్, ఆక్టన్ ఎవరో లోకానికి చెప్పేశారు. రచయిత్రులంటే జనానికి చిన్నచూపు ఉంటుందన్న అనుమానంతోనే పేర్లు మార్చుకున్నామని అందులోనే వివరించారు. చెల్లెళ్లని లోకం సరిగా అర్థం చేసుకోవాలన్నదే ఆమె ఉద్దేశం, అందులో సందేహం లేదు. అయినా బతికుంటే ఎమిలీ ఒప్పుకునేవారు కాదన్నదీ అంతే నిజం.

జార్జ్ ఎలియట్ కథలో గుట్టు కాపాడింది సహచరుడు. ఆ పేరుతో రాసిన మేరీ ఆన్ ఎవాన్స్ మొదటి కథని 1856లో ఆమె సహచరుడు జార్జ్ హెన్రీ లూయిస్ తన స్నేహితుడు ఒకరు రాశారని చెప్పి బ్లాక్‌వుడ్ అనే పబ్లిషర్‌కి పంపారు. పెళ్లి కాకుండా లూయిస్‌తో కలిసి ఉండటం అప్పటికే పెద్ద రచ్చ. అసలు పేరుతో వస్తే పుస్తకం పక్కకుపోయి ఆ సంగతే చర్చకొస్తుందని ఇద్దరికీ తెలుసు. తీరా ‘ఆడమ్ బీడ్’ 1859లో జనాన్ని ఊపేశాక, లిగిన్స్ అనే ఊరూపేరూ లేని మనిషి ఒకడు ఆ పుస్తకాలు తనవేనన్న ప్రచారానికి తలూపుతూ కూర్చున్నాడు. అతనికి డబ్బు సాయం చెయ్యాలని చందాలు పోగేసే దాకా వెళ్లింది వ్యవహారం. మరొకడు కాజేస్తుంటే చూస్తూ ఊరుకోలేక అసలు రచయిత్రి బయటపడాల్సి వచ్చింది. మారుపేరుకి ఉన్న లోటు ఇదే. ఎవరిదీ కాని పేరుని ఎవరైనా తమదనుకోవచ్చు.

విమర్శకుడు మహా అయితే పుస్తకాన్ని చీల్చి చెండాడతాడు. సర్కారు అలా వదలదు. ప్రేమ్‌చంద్ అసలు పేరు ధన్‌పత్ రాయ్. చిన్నప్పుడే తల్లి పోయారు, చదువుకుంటుండగానే తండ్రి పోయారు. తిండికి గడవని ఒక రోజున ఆయన రెండు రూపాయలకు కొన్న లెక్కల గైడుని రూపాయికి అమ్ముకున్నారు. ఆ పాత పుస్తకాల కొట్టు దగ్గరే ఒక హెడ్మాస్టరు తారసపడి నెలకు 18 రూపాయల జీతంతో బడిపంతులు ఉద్యోగం ఇప్పించారు. ఆ తర్వాత విద్యాశాఖలో చేరి నవాబ్ రాయ్ పేరుతో ఉర్దూలో రాసేవారు. 1908లో వచ్చిన ‘సోజ్-ఎ-వతన్’ అయిదు దేశభక్తి కథల సంపుటి.

తర్వాత జరిగింది ఆయన తన జీవిత విశేషాల్లో రాసుకున్నారు. చలికాలం, తనిఖీల మీద క్యాంపులో ఉన్నారు. జిల్లా కలెక్టర్ నుంచి వెంటనే రమ్మని కబురు. ఎడ్లబండి కట్టించుకుని రాత్రికి రాత్రి 30, 40 మైళ్లు ప్రయాణం చేసి వెళ్తే, దొర ముందు ‘సోజ్-ఎ-వతన్’ కాపీ ఉంది. నవాబ్ రాయ్ ఎవరో నిఘా విభాగం ముందే ఆరా తీసింది. ఒక్కో కథకీ అర్థం చెప్పించుకుని, మొగలాయీల రాజ్యమైతే నీ రెండు చేతులూ నరికేసేవాళ్లు, మా ఏలుబడిలో ఉన్నావు గనక బతికిపోయావన్నాడు కలెక్టర్. మిగిలిన ప్రతులన్నీ అప్పగించాలి, ఇకపై ఏది రాసినా ముందు చూపించాలి. జీతం మీద బతికే మనిషికి ఆ రెండో షరతు పెన్నుకి తాళం వేసినట్టే. అప్పుడు ‘జమానా’ పత్రిక సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచించిన కొత్త పేరు ప్రేమ్‌చంద్. 1910 నుంచి ఆ పేరుతో కథలు వచ్చాయి. నవాబ్ రాయ్ అన్న పేరు ఈరోజు సాహిత్య విద్యార్థులకు తప్ప పెద్దగా ఎవరికీ గుర్తులేదు. ఆ నిషేధమే లేకపోతే ప్రేమ్‌చంద్ అన్న పేరే పుట్టేది కాదు.

అమెరికాలో డాల్టన్ ట్రంబోది ఇంకో తరహా. ఆయన నవలాకారుడు, హాలీవుడ్‌లో ఖరీదైన స్క్రిప్ట్ రచయిత. కమ్యూనిస్టా కాదా చెప్పమని 1947లో అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ నిలదీస్తే జవాబు చెప్పనన్నారు. దాంతో 1950లో జైలుకెళ్లారు. స్టూడియోలు బ్లాక్‌లిస్టులో పెట్టాయి. కుటుంబం గడవాలి, వచ్చిన విద్య రాయడమొక్కటే. తక్కువ రేటుకి, దొంగచాటుగా, రకరకాల పేర్లతో రాశారు. ‘రోమన్ హాలిడే’ కథ స్నేహితుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ పేరు మీద వెళ్లింది, దానికి ఆస్కార్ వస్తే హంటర్‌కే వచ్చింది. 1957లో ‘ది బ్రేవ్ వన్’ కథకి రాబర్ట్ రిచ్ అనే మనిషికి ఆస్కార్ ప్రకటించారు. తీసుకోవడానికి ఎవరూ రాలేదు. ఆయన భార్యకి పురుడు, ఆసుపత్రిలో ఉన్నారని స్టేజి మీద చెప్పి రచయితల సంఘం తరఫున మరొకరు అందుకున్నారు. లేని మనిషికి లేని భార్య, పుట్టని బిడ్డ! ఆ నవ్వులాటే బ్లాక్‌లిస్టు పరువు తీసింది. 1960లో ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ తెర మీద ట్రంబో పేరు పడింది. రాబర్ట్ రిచ్‌గా గెలిచిన ఆస్కార్ బొమ్మ ఆయన చేతికి 1975లో వచ్చింది, ‘రోమన్ హాలిడే’ ఆస్కార్ 1993లో ఆయన భార్య అందుకున్నారు. అప్పటికి ఆయన పోయి చాలా ఏళ్లయింది.

జైలుకీ కలెక్టర్‌కీ భయపడటం ఒక ఎత్తు, సొంత ఇంట్లో కాగితం దాచుకోవడం ఇంకో ఎత్తు. తమిళ కవయిత్రి సల్మా విషయం ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా ఆలోచించాల్సింది. పెద్దమనిషి కాగానే బడి మాన్పించారు, ఏళ్ల తరబడి గడప దాటనివ్వలేదు. పెళ్లయ్యాక అత్తింట్లో రాయడం నిషేధం. రాత్రి అందరూ పడుకున్నాక మరుగుదొడ్డిలోకి వెళ్లి, చిత్తు కాగితాల మీద కవితలు రాసేవారు. ఇంట్లో తలుపు గడియ పెట్టుకుంటే ఎవరూ అడగని చోటు అదొక్కటే. రాసినవి దాచిపెట్టి తల్లికి అందిస్తే, ఆ తల్లి వాటిని బయటికి చేరవేసేవారు. కవితలు అచ్చవుతున్నాయి, వాటి కింద సల్మా అనే పేరుంటుంది, ఆ సల్మా ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. 2000లో మొదటి కవితా సంపుటి వచ్చింది, 2004లో నవల వచ్చింది. ఆ మధ్యలోనే ఆమె తమ ఊరి పంచాయతీ అధ్యక్షురాలయ్యారు. ఆమెను గడప దాటనివ్వని ఆ ఇల్లే ఆమె చేత నామినేషన్ వేయించింది. ఆ సీటు మహిళలకు రిజర్వు కావడమే కారణం.

ఇలాంటి జీవితాలని “కష్టాలను జయించిన రచయిత” అని ఒక్క ముక్కలో చెప్పి అట్ట వెనక అచ్చేయడం పబ్లిషర్లకి అలవాటు. ఆ మాటలో రెండు నష్టాలున్నాయి. ఒకటి, ఇదంతా ఒక్కరి పట్టుదల వల్లే అయిందనిపిస్తుంది. సల్మా తల్లి, నిగమ్, హంటర్ అందులో మాయమైపోతారు. వాళ్లలో ఎవరు నోరు జారినా ఆ రచన అక్కడితో ఆగేది. రెండోది ఇంకా పెద్దది. ఆ మాట విన్న పాఠకుడు పుస్తకంలో వాక్యం ఎలా ఉందో చూడడం మానేసి, రచయిత పడిన కష్టం ఎంతో కొలుస్తాడు. సల్మా కవిత బాగుంటే అది మరుగుదొడ్డిలో రాసినందుకు కాదు. అక్కడ రాసి చెత్త కవితలుగా మిగిలినవీ ఎన్నో ఉండి ఉంటాయి.

జనానికి బాధామయ జీవితాల మీద మోజు పెరిగితే, ఆ సరుకు తయారుచేసేవాళ్లూ పుట్టుకొస్తారు. 1976లో ఫారెస్ట్ కార్టర్ పేరుతో ‘ది ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ’ వచ్చింది. అమెరికా ఆదివాసుల్లో చెరోకీ తెగకు చెందిన తాతా నానమ్మల దగ్గర పెరిగిన అనాథ స్వీయకథ అని నమ్మి జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. రాసింది ఆసా కార్టర్ అనే తెల్ల జాత్యహంకారి, కు క్లక్స్ క్లాన్ అనే జాత్యహంకార ముఠా మనిషి, నల్లవాళ్లని వేరుగా ఉంచాలని గవర్నర్ జార్జ్ వాలెస్ చేసిన ప్రసంగాల వెనక కలం ఆయనదే. 1991లో ఈ సంగతి మళ్లీ గట్టిగా బయటికొచ్చాక న్యూయార్క్ టైమ్స్ ఆ పుస్తకాన్ని స్వీయకథల జాబితాలోంచి తీసి కల్పనల జాబితాలో పెట్టింది. 2000 ప్రాంతంలో జె.టి. లెరాయ్ పేరు మోగింది. రోడ్ల మీద, ఒళ్లమ్ముకునే బతుకు నుంచి లేచివచ్చిన కుర్రాడని చెప్పుకున్న ఆ రచయిత అసలు లేనే లేడు. రాసింది లారా ఆల్బర్ట్ అనే మహిళ. విగ్గూ నల్లకళ్లద్దాలతో సభలకి వెళ్లింది ఆమె బంధువుల అమ్మాయి. లెరాయ్ పేరుతో సినిమా ఒప్పందం మీద సంతకం చేసినందుకు 2007లో న్యూయార్క్ జ్యూరీ దాన్ని మోసమని తేల్చింది. నవల అమ్ముకోవడాన్ని జ్యూరీ తప్పుపట్టలేదు, లేని మనిషి సంతకాన్ని తప్పుపట్టింది.

ఇక్కడ గీత గీయడం అంత కష్టమేమీ కాదు. బ్రాంటి అక్కచెల్లెళ్లు తమ గురించి ఏమీ చెప్పలేదు. కార్టర్ లేనిది చెప్పాడు, అదీ తనది కాని జాతి బాధని అరువు తెచ్చుకుని చెప్పాడు. మొదటిది మౌనం, రెండోది సాక్ష్యం. తప్పుడు సాక్ష్యాన్ని కలంపేరు అని సమర్థించుకోవడం కుదరదు. కాకపోతే ఉత్తర కొరియా రచయిత ‘బాండీ’ లాంటి కేసులు ఈ గీత మీదే నిలబడతాయి. ఆ పేరుతో రాసిన కథల రాతప్రతి రహస్యంగా దేశం దాటి 2014లో సోల్‌లో పుస్తకమైంది. రచయిత ఇంకా అక్కడే ఉన్నారని చెప్పారు. పేరు చెబితే ప్రాణం పోతుంది, చెప్పకపోతే సరిచూసుకునే దారి లేదు. పాఠకుడు నమ్మాల్సింది రచయితని కాదు, ఆ కాగితాలు మోసుకొచ్చిన మధ్యవర్తిని.

పేరు మార్చుకోవడానికి ఆపదలే ఉండనక్కర్లేదు. ఇంజినీరుగా పనిచేసిన తమిళ రచయిత రంగరాజన్, అదే పేరుతో మరో రచయిత ఉన్నందున భార్య పేరు సుజాత పెట్టుకున్నారు, చివరిదాకా ఆ పేరుతోనే చెలామణీ అయ్యారు. తెలుగులో భార్యాభర్తలు కలిసి బీనాదేవి అయ్యారు. ఆంధ్రజ్యోతి వారపత్రిక సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్య శర్మ ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసింది పురాణం సీత పేరుతో. 19వ శతాబ్దం ఇంగ్లండ్‌లో ఆడవాళ్లు మగపేర్లు వెతుక్కుంటే, స్పెయిన్‌లో ముగ్గురు మగవాళ్లు కలిసి కార్మెన్ మోలా అనే ఆడపేరుతో క్రైమ్ నవలలు రాశారు. 2021లో పది లక్షల యూరోల ప్లానెటా బహుమతి ప్రకటించాక ముగ్గురూ స్టేజి ఎక్కారు, అందరూ అవాక్కయ్యారు. గిరాకీ ఎటుంటే పేరు అటు తిరుగుతుంది, అంతే.

పెద్దపేరు వచ్చినవాళ్లకి అదే బరువవుతుంది. రోమైన్ గారీకి 1956లో ఫ్రాన్స్‌లో గోంకూర్ బహుమతి వచ్చింది. అది ఒకరికి ఒక్కసారే ఇస్తారు. ఆయన పని అయిపోయిందని విమర్శకులు తీర్మానించేశాక, ఎమిల్ అజార్ పేరుతో రాసిన నవలకి 1975లో మళ్లీ అదే బహుమతి వచ్చింది. అజార్ వేషం వేసింది చుట్టాలబ్బాయి పాల్ పావ్లోవిచ్. 1980లో గారీ మరణించాక గానీ నిజం బయటపడలేదు. డోరిస్ లెస్సింగ్ 1980ల మొదట్లో జేన్ సోమర్స్ పేరుతో నవల పంపితే, ఆమె పుస్తకాలు వేసే పబ్లిషరే తిప్పి పంపాడు. కొత్తవాళ్ల రాతప్రతి బల్ల మీద ఏ స్థితిలో పడుంటుందో ఆమె అలా రుజువు చేశారు. ఈ కోవలో గారీ ఆట గొప్పది, లెస్సింగ్ ప్రయోగం ఉపయోగమైనది. మిగతావి చాలావరకు సరదాలు.

గుట్టు ఎలా రట్టవుతుందో చూస్తే, కవిత్వం కన్నా కాగితాలే ఎక్కువ పట్టిస్తాయని తేలుతుంది. శైలిని బట్టి పసిగట్టడం పాతకాలం నుంచీ ఉంది. ఎలియట్ కథలు చదివి ఇవి ఆడమనిషి రాసినవేనని డికెన్స్ 1858లోనే అనుమానించాడు. ఇప్పుడు కంప్యూటర్లు మాటల వాడకాన్ని లెక్కగట్టి ఆ పని చేస్తున్నాయి. అయితే అనుమానం ఎక్కణ్నుంచో మొదలవ్వాలి. స్టీఫెన్ కింగ్ రిచర్డ్ బాక్‌మన్ పేరుతో రాస్తున్నాడని 1985లో పట్టుకున్నది పుస్తకాల షాపు గుమస్తా. శైలి చూసి అనుమానమొచ్చి, కాపీరైట్ రిజిస్టర్లు తిరగేస్తే ఒక పాత పుస్తకం కింగ్ పేరు మీదే ఉంది. జె.కె. రౌలింగ్ 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్‌గా రాసిన నవల గుట్టు ఆమె లాయర్ల ఆఫీసు నుంచే పొక్కింది. ఒక లాయరు తన భార్య స్నేహితురాలికి చెప్పాడు, ఆమె ట్విటర్‌లో ఒక పత్రికా రచయిత్రికి చేరవేసింది. కంప్యూటర్ పరీక్షలు ఆ తర్వాతవే. లాయరుకి వెయ్యి పౌండ్ల జరిమానా పడింది.

ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెరాంటే సంగతి మరీ బాధాకరం. 1992లో మొదటి నవల రాకముందే పబ్లిషర్‌కి స్పష్టంగా రాశారు, పుస్తకం రాసేశాక దానికి రచయితతో పని లేదని. ఫోటో లేదు, సభ లేదు, ఇంటర్వ్యూలు ఉత్తరాల ద్వారానే. 2016లో ఒక జర్నలిస్టు పబ్లిషర్ చెల్లించిన సొమ్ము, ఆస్తుల కొనుగోలు రికార్డులు తవ్వి, ఫలానా ఆమేనని ప్రకటించాడు. నేరం లేదు, మోసపోయిన మనిషి లేడు, ఎవరి బాధనీ అరువు తెచ్చుకున్నదీ లేదు. అవినీతి అధికారుల మీద వాడాల్సిన పరిశోధనని నవలలు రాసుకునే మనిషి మీద వాడటం పాఠకుల హక్కు కిందకి రాదు. పాఠకుడికి కావాల్సిన పుస్తకం అతని చేతిలోనే ఉంది.

ఫెరాంటే విషయంలో డబ్బే జాడ చూపడంలో వింతేమీ లేదు. ఏ పేరుతో రాసినా రాయల్టీ ఎవరో ఒకరి ఖాతాలో పడాలి, ఒప్పందం మీద సంతకం కావాలి, పన్ను కట్టాలి. అందుకే పబ్లిషర్‌కి కూడా తెలియని మారుపేరు ఈ రోజుల్లో దాదాపు అసాధ్యం. ట్రంబో లాంటివాళ్లకి రాయడమొక్కటే కాదు, మారుపేరున వచ్చే చెక్కుని మార్చుకోవడమూ తలనొప్పే.

చట్టం ఈ గుట్టుని ఒప్పుకుంటుంది, కానీ దానికో ధర కూడా కట్టింది. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సొంత పేరుతో రాసినవారి హక్కు వారు పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. మారుపేరుతో వచ్చిన పుస్తకానికైతే ఆ 60 ఏళ్లు ప్రచురణ నుంచే లెక్క. ముప్పయ్యో ఏట పుస్తకం వేసి తొంభై అయిదేళ్లు బతికిన రచయిత గుట్టు అలాగే ఉంచితే, కళ్లముందే హక్కు తీరిపోతుంది, పిల్లలకి ఏమీ మిగలదు. ఆ గడువు లోపల అసలు పేరు బయటపెడితే మామూలు లెక్కే వర్తిస్తుంది. పేరు బయటపడే దాకా రచయిత తరఫున నిలబడి హక్కులు కాపాడే అధికారం ఎవరిదన్న దానికి అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో జవాబుంది. పుస్తకం మీద ఎవరి పేరు అచ్చయి ఉందో ఆ పబ్లిషర్‌దే.